మందు దొరికింది, మరి సిగ్గుకో?

2025లో హెచ్ఐవీకి సంబంధించి హైదరాబాదు పేరు రెండు వార్తల్లో వినబడింది. ఫిబ్రవరి చివర్లో మొదటిది. ట్రాన్స్‌జెండర్ల కోసం నడుస్తున్న మిత్ర్ క్లినిక్ మూతపడింది. 2021లో తెరిచినప్పుడు ఆ తరహా క్లినిక్ దేశం మొత్తంమీద అదే మొదటిది. అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌ఎయిడ్ ఇచ్చే డబ్బుతో, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నిర్వహించే ప్రాజెక్టు కింద నడిచేది. విదేశాలకిచ్చే సాయం ఆపమని జనవరిలో వాషింగ్టన్‌లో సంతకం పడింది. దానితో ఇదీ, పుణేలోనూ ఠాణే జిల్లాలోనూ ఉన్న మరో రెండు క్లినిక్‌లూ ఆగిపోయాయి. మూడూ కలిపి దాదాపు ఐదువేలమందికి వైద్యం అందించేవని అప్పటి వార్తలు.

రెండో వార్త సెప్టెంబరులో. హైదరాబాదు కంపెనీలే అయిన డాక్టర్ రెడ్డీస్, హెటెరో రెండూ లెనకాపవిర్ అనే ఇంజెక్షన్‌ని మనిషికి ఏడాదికి 40 డాలర్లకి, అంటే సుమారు మూడున్నర వేల రూపాయలకి తయారుచేసి ఇస్తామని ఒప్పుకున్నాయి. 2027 నుంచి 120 దేశాలకి. ఆరునెలలకోసారి ఈ ఇంజెక్షన్ చేయించుకుంటే హెచ్ఐవీ సోకకుండా కాపాడుతుంది. ఇదే మందుకి అమెరికాలో పెట్టిన ధర ఏడాదికి 28,218 డాలర్లు. మన లెక్కలో పాతిక లక్షల దాకా.

ప్రపంచానికి సరిపడా మందు తయారుచెయ్యగల ఊళ్ళో, ఆ మందు అందరికన్నా ముందు కావలసినవాళ్ళు భయపడకుండా అడుగుపెట్టే తలుపు, వేరే దేశంలో ఎవరో పెట్టిన సంతకానికి మూతపడింది. ఈ నలభై ఏళ్ళ అంతర్జాతీయ ప్రయత్నాల మంచీ చెడూ ఈ రెండు వార్తల్లోనే ఉన్నాయని నాకనిపిస్తుంది. హెచ్ఐవీ నివారణకి మందూ కావాలి, డబ్బూ కావాలి. అవి రెండూ ఉన్నా, ఆ మనిషి సిగ్గుతో, భయంతో వెనక్కి తిరిగి వెళ్ళిపోతే పని జరగదు. ఎక్కడెక్కడ ఆ తలుపు తాళం వాళ్ళ చేతికే ఇచ్చారో అక్కడ పని జరిగింది. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా ఎందుకలా అనుకుంటున్నానో చెప్పడం.

ముందు కొన్ని అంకెలు. నేను బతుకుతెరువుకి క్లినికల్ ట్రయల్స్ డేటా చూసే ఉద్యోగం చేస్తాను, అంకెలు లేకుండా నోరు పెగలదు. 2023లో ప్రపంచంలో కొత్తగా హెచ్ఐవీ సోకినవాళ్ళు 13 లక్షలమంది. 1990ల మధ్యలో ఈ సంఖ్య ఏడాదికి 30 లక్షలు దాటింది కాబట్టి ఇది పెద్ద విజయమే. కానీ ఆ విజయం అందరికీ ఒకేలా అందలేదు. ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం లెక్కల్లో ప్రపంచంలోని పెద్దవాళ్ళలో వెయ్యికి ఎనిమిదిమంది దాకా హెచ్ఐవీతో ఉంటే, గే పురుషుల్లో ఆ సంఖ్య వెయ్యికి డెబ్భై అయిదు దాటుతుంది, ట్రాన్స్‌జెండర్లలో తొంభై దాటుతుంది. మన దేశంలో పెద్దవాళ్ళలో 0.2 శాతం. పురుషులతో సంబంధం ఉన్న పురుషుల్లో, హిజ్రాల్లో మూడు శాతం పైనే. ఆంధ్రప్రదేశ్ విషయానికొస్తే హెచ్ఐవీతో బతుకుతున్నవాళ్ళ సంఖ్యలో మహారాష్ట్ర తర్వాతి స్థానం మనదే, మూడు లక్షలకు పైన.

ఎందుకు ఇంత తేడా? దీనికి శరీరంలో ఒక కారణం ఉంది. గుదద్వారం లోపలి పొర పలచన, తొందరగా చిట్లుతుంది, అందుకని కండోమ్ లేని సంపర్కంలో వైరస్‌కి అక్కడ దారి సులువు. స్త్రీపురుషుల మధ్యైనా అంతే, ఇందులో నీతికి సంబంధం లేదు. రెండో కారణం బయటిది. ఇల్లు వెళ్ళగొడుతుంది, ఉద్యోగం ఇచ్చేవాడుండడు, పోలీసు తరుముతాడు, డాక్టరు ఓపీలో అందరి ముందూ గట్టిగా "నీకేంటి?" అని అడుగుతాడు. వీటిలో ఏ ఒక్కటీ వైరస్ కాదు. కానీ వైరస్‌కి కావలసిన చీకటిని ఇచ్చేది ఇవే. పరీక్ష చేయించుకోనివాడికి తనకి ఉన్నట్టు తెలీదు, తెలియనివాడు మందు వేసుకోడు, మందు వేసుకోనివాడి నుంచి ఇంకొకరికి వెళుతుంది. అదే పరీక్ష చేయించుకుని రోజూ మందు వేసుకుంటూ, రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గినవాళ్ళ నుంచి సంపర్కం వల్ల ఇంకొకరికి సోకదు. ఈ సంగతి శాస్త్రం ఖాయంగా తేల్చేసింది. మన తెలుగు ఇళ్ళల్లో ఎంతమందికి తెలుసో మాత్రం సందేహమే.

అమెరికాలో ఈ జబ్బు మొదటిసారి కాగితమ్మీదికెక్కింది 1981 జూన్ 5న. లాస్ ఏంజెలస్‌లో ఐదుగురు యువకులకి అరుదైన న్యుమోనియా వచ్చిందని ప్రభుత్వ ఆరోగ్య వారపత్రికలో చిన్న నివేదిక. ఐదుగురూ గే పురుషులు. దాంతో మొదట్లో కొందరు ఆ జబ్బుకి గే అన్న మాట కలిపే పేరు పెట్టారు. 1982లో ఎయిడ్స్ అన్న పేరు వచ్చినా, ఆ మొదటి పేరు తాలూకు మరక ఇప్పటికీ పోలేదు. ప్రభుత్వం పట్టించుకోకపోతే రోగులే కదిలారు. 1983లో డెన్వర్‌లో జరిగిన ఒక సదస్సులో వాళ్ళు ఒక ప్రకటన చేశారు. మమ్మల్ని బాధితులని పిలవకండి, మా గురించి తీసుకునే ప్రతి నిర్ణయంలోనూ మాకు చోటివ్వండి అన్నది దాని సారం. అదే ఏడాది న్యూయార్క్‌లో ఇద్దరు రోగులు, ఒక డాక్టరు సలహాతో, జాగ్రత్తగా ఎలా ఉండాలో చెబుతూ చిన్న పుస్తకం అచ్చువేసి పంచారు. ఈ జబ్బుకి ఫలానా వైరస్సే కారణమని శాస్త్రం ఇంకా రూఢి చెయ్యని రోజులవి. ఇప్పుడు మనం సురక్షిత శృంగారం అంటున్న ఆలోచన ఎవరో ఆరోగ్యమంత్రి బుర్రలో పుట్టింది కాదు. చావు ఎదురుగా ఉన్నవాళ్ళు తమకోసం తాము తయారుచేసుకున్నది.

ఇక మన దేశం. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సాలమన్ బృందం తొలి కేసులు గుర్తించింది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, నాకో, వచ్చింది. ఆ తరవాతి పదేళ్ళలో మనకో వింత పరిస్థితి. ఒక పక్క ఆరోగ్యశాఖ పురుషులతో సంబంధమున్న పురుషులకి కండోమ్‌లు పంచమంటుంది. ఇంకో పక్క పోలీసులకి 377వ సెక్షను ఉంది. 2001 జూలైలో లక్నోలో ఆ రెండూ ఎదురుబొదురు పడ్డాయి. గే పురుషుల మధ్య హెచ్ఐవీ నివారణ పని చేస్తున్న స్వచ్ఛంద సంస్థ ఆఫీసు మీద పోలీసులు దాడిచేసి, కార్యకర్తలని అరెస్టు చేశారు. వాళ్ళ దగ్గరున్న ఆరోగ్య ప్రచార సామగ్రి అశ్లీలమన్నారు. ఆ కార్యకర్తలు 47 రోజులు జైల్లో ఉన్నారు. ప్రభుత్వం చెయ్యమన్న పని చేసినందుకు ప్రభుత్వమే జైల్లో పెట్టింది.

అదే ఏడాది నాజ్ ఫౌండేషన్ ఢిల్లీ హైకోర్టులో 377 మీద కేసు వేసింది. ఆ పిటిషన్ హెచ్ఐవీ పని చేసే సంస్థది. ఈ చట్టం ఉన్నంతకాలం మేము జనాన్ని చేరుకోలేకపోతున్నాం అన్నది వాళ్ళ వాదనలో ముఖ్యమైన భాగం. కేసు నడుస్తుంటే కేంద్రంలోని రెండు శాఖలు కోర్టులో రెండు మాటలు చెప్పాయి. హోంశాఖ చట్టం ఉండాలంది. నాకో ఆ చట్టం నివారణకి అడ్డం అంది. 2009 జూలై 2న జస్టిస్ ఎ.పి. షా, జస్టిస్ ఎస్. మురళీధర్ తీర్పు చెబుతూ నాకో మాటకి విలువిచ్చారు. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. ఈ జనాభా చాలా స్వల్పం అన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. చివరికి 2018 సెప్టెంబరు 6న ఆ సెక్షను పీడ వదిలింది. కేసు వేసిన రోజు నుంచి లెక్కేస్తే పదిహేడేళ్ళు. ఆ పదిహేడేళ్ళలో భయపడి పరీక్షకి రానివాళ్ళు ఎంతమందో ఏ డేటాలోనూ ఉండదు. రానివాళ్ళ లెక్క ఎవరు రాస్తారు?

ఆ రోజుల్లో ఆంధ్రాలో ఉన్నవాళ్ళకి "పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా?" అన్న గోడరాతలూ హోర్డింగులూ గుర్తుండే ఉంటాయి. మంచి ప్రచారమే. ఎవరీ పులిరాజా అని ఊరూవాడా మాట్లాడుకునేలా చేసింది. కానీ మా హాస్టల్లో మేమందరం దాన్ని అర్థం చేసుకున్నది ఒకే రకంగా: పులిరాజా అంటే ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళే మగాడు. పులిరాజా ఇంకో మగాడి దగ్గరికి వెళ్ళొచ్చన్న ఊహ కూడా ఎవరికీ రాలేదు. అలాంటివాడు మా హాస్టల్లోనే ఉండి ఉంటే, ఆ హోర్డింగు తనకోసం కాదనే అనుకుని ఉంటాడు.

గోడమీది మాట చేరని చోటుకి మనుషులు చేరారు. 2003లో గేట్స్ ఫౌండేషన్ ఆవాహన్ అన్న కార్యక్రమం మొదలుపెట్టింది. హెచ్ఐవీ ఎక్కువున్న ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. తొలి దశకే పాతిక కోట్ల డాలర్లు దాటింది. నాకు నచ్చినది దాని డబ్బుకన్నా పద్ధతి. సెక్స్ వర్కర్లలోనుంచీ, హిజ్రాల్లోనుంచీ, కోతి అని తమని తాము పిలుచుకునే పురుషుల్లోనుంచీ కొందరిని ఎంచి, జీతమిచ్చి, వాళ్ళనే పీర్ ఎడ్యుకేటర్లుగా పెట్టారు. కాసేపు కూర్చుని, స్నానం చేసి, నిద్రపోవడానికి గదులు పెట్టారు. పోలీసు కొడితే అర్ధరాత్రి ఫోన్ చెయ్యడానికి ఒక బృందం ఉండేది. కండోమ్ పంచే ప్రాజెక్టుకి పోలీసుల దెబ్బలతో ఏం పని అని అడగొచ్చు. పార్కులో దెబ్బలు తినే మనిషి పర్సులో కండోమ్ పెట్టుకోడు, దొరికితే అదే సాక్ష్యం కాబట్టి. అందుకని ముందు దెబ్బలు ఆపాలి. ఈ కార్యక్రమం వల్ల మొదటి ఐదేళ్ళలో లక్షమందికి దాకా జబ్బు సోకకుండా ఆగిందని తరవాత పరిశోధకులు అంచనా వేశారు. 2009 నుంచి మెల్లగా అన్నీ ప్రభుత్వానికి అప్పగించారు. ఈ అప్పగింత సంగతికి మళ్ళీ వస్తాను, అది చాలా ముఖ్యం.

తలుపు మూసిన చోట ఏం జరుగుతుందో కూడా లోకం చూసింది. 2008 డిసెంబరులో సెనెగల్ రాజధాని డకార్‌లో ఆఫ్రికా ఎయిడ్స్ మహాసభ జరిగింది. అతిథులు వెళ్ళిన కొద్దిరోజులకే అక్కడ హెచ్ఐవీ పని చేస్తున్న తొమ్మిదిమందిని పోలీసులు పట్టుకున్నారు. కోర్టు ఎనిమిదేళ్ళ శిక్ష వేసింది. పై కోర్టు నెలల్లోనే వదిలిపెట్టింది, కానీ అప్పటికే మిగిలినవాళ్ళు పని మానేసి దాక్కున్నారు. ఉగాండా 2023లో తెచ్చిన చట్టంలో కొన్ని సందర్భాలకి మరణశిక్ష కూడా ఉంది, సంపర్కం వల్ల ఎదుటివారికి ప్రాణాంతకమైన జబ్బు సోకడం మొదట ఆ సందర్భాల్లో ఒకటి. అలాంటి చోట పరీక్ష చేయించుకోవడమంటే తన మీద తనే సాక్ష్యం తయారుచేసుకోవడం. స్వలింగ సంబంధం నేరమైన ఆఫ్రికా దేశాల్లో గే పురుషుల మధ్య హెచ్ఐవీ, నేరం కాని దేశాలతో పోలిస్తే ఐదు రెట్లు ఎక్కువని ఒక అధ్యయనం తేల్చింది. ఇప్పటికీ అరవైకి పైగా దేశాల్లో ఇది నేరమే.

ఇటు వైపు చూడండి. బాంకాక్‌లో థాయ్ రెడ్‌క్రాస్ 2015లో టాంజరిన్ అనే క్లినిక్ తెరిచింది. ట్రాన్స్‌జెండర్లు హార్మోన్ల వైద్యం కోసం వస్తారు, దానితోపాటే హెచ్ఐవీ పరీక్షా అయిపోతుంది. జబ్బు పేరుమీద పిలిస్తే రానివాళ్ళు, తమకి కావలసినది ఇస్తే వచ్చారు. హైదరాబాదు మిత్ర్ క్లినిక్‌ది కూడా అదే దారి. ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరం నడిబొడ్డున, గే పురుషులు ఎక్కువగా ఉండే పేటల్లో, 2010తో పోలిస్తే 2022కి కొత్త కేసులు 88 శాతం తగ్గాయి. అక్కడేదో కొత్త అద్భుతం కనిపెట్టలేదు. సులువుగా పరీక్షలు, వెంటనే మందు, ముందుజాగ్రత్తకి వేసుకునే ప్రెప్ మాత్రలు, ఇవన్నీ దాచుకోకుండా అడిగి తీసుకోగల వాతావరణం. అంతే.

మరి అమెరికా డబ్బు సంగతి? ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. 2003లో అధ్యక్షుడు జార్జ్ బుష్ మొదలుపెట్టిన పెప్‌ఫార్ పథకం పదివేల కోట్ల డాలర్లకు పైగా ఖర్చుచేసి, రెండున్నర కోట్లమంది ప్రాణాలు నిలబెట్టిందని అమెరికా ప్రభుత్వమే లెక్క చెప్పుకుంది. ఒక దేశం ఒక జబ్బుకోసం ఇంత చెయ్యడం చరిత్రలో లేదు. కానీ ఆ డబ్బు వెంట మొదటినుంచీ ఒక నీతిపాఠం వస్తూ ఉండేది. నివారణ డబ్బులో మూడోవంతు పెళ్ళిదాకా బ్రహ్మచర్యం, ఆ తర్వాత పతివ్రతాధర్మం లాంటి బోధలకి ఖర్చుపెట్టాలని మొదట్లో షరతు. వ్యభిచారానికి వ్యతిరేకమని ప్రమాణపత్రం ఇస్తేనే డబ్బని ఇంకో షరతు. 2005లో బ్రెజిల్ ఆ ప్రమాణం చెయ్యనని నాలుగు కోట్ల డాలర్లు వదులుకుంది. సెక్స్ వర్కర్లతో కలిసి పనిచేస్తూ వాళ్ళనే తిడుతూ సంతకం పెట్టలేమంది. పెళ్ళి చేసుకునే హక్కే లేని ఇద్దరు మగవాళ్ళకి పెళ్ళిదాకా ఆగమని చెప్పడం ఎంత అర్థం లేని పనో వేరే చెప్పక్కర్లేదు.

2025 ఫిబ్రవరిలో ఆ నీతిపాఠం అన్నిటికన్నా స్పష్టంగా బయటపడింది. సాయం మొత్తం ఆపేశాక, ప్రాణరక్షణకి సంబంధించిన వాటికి మినహాయింపు ఇచ్చారు. అందులో ప్రెప్ మందుని గర్భిణులకీ, పాలిచ్చే తల్లులకీ మాత్రమే ఇవ్వొచ్చన్నారు. వాళ్ళకి ఇవ్వవలసిందే, బిడ్డల ప్రాణాలు. కానీ ఇదే ప్రెప్ మాత్ర పనిచేస్తుందని 2010లో మొదట రుజువైంది ఎవరి ఒంటిమీద? ఆరు దేశాల్లో 2,499 మంది గే పురుషులు, ట్రాన్స్‌జెండర్ స్త్రీలు ఆ ట్రయల్‌లో పాల్గొన్నారు. రోజూ మాత్ర వేసుకుని, నెలనెలా రక్తమిచ్చారు. వాళ్ళ రక్తంతో రాసిన శాస్త్రం అది. ఆ మందు పంచేటప్పుడు వాళ్ళ పేర్లే జాబితాలోంచి కొట్టేశారు. ఇలాంటి పట్టికలు రోజూ చూసేవాణ్ణి కాబట్టి నాకు ఇది మిగతా అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించింది.

ఆ క్లినిక్ మూతపడ్డ వార్త మీద ఇక్కడ న్యూజెర్సీలో ఒకరింట భోజనాల దగ్గర మాట వచ్చింది. నాకు వరసకి బావ అయ్యే ఒకాయన, పులిహోర వడ్డించుకుంటూ, "మన టాక్స్ డబ్బులు తీసికెళ్ళి వాళ్ళకా? ఆపి మంచిపని చేశారు" అన్నాడు. పక్కనున్న ఇద్దరు తలూపారు. "వాళ్ళంటే ఎవరు బావా?" అన్నాను. నవ్వేసి ఊరుకున్నాడు. మా బావ చెడ్డవాడు కాదు. ఊళ్ళో బడికి గదులు కట్టించాడు, కళ్ళ ఆపరేషన్ల శిబిరాలకి ఏటా డబ్బు పంపుతాడు. అందుకే ఆయన మాటకి జవాబు చెప్పాలనిపిస్తుంది.

టాక్స్ మాట ముందు. అమెరికా ప్రభుత్వం పెట్టే ఖర్చులో విదేశీ సాయం మొత్తం కలిపినా నూటికి ఒక డాలరు దగ్గర ఉంటుంది. అందులో హైదరాబాదు క్లినిక్ వాటా మన జీతంలోంచి ఎంత పోయిందో లెక్కేస్తే పైసా కూడా తేలదు. ఆదా అన్నది సాకు, అసలు మాట "వాళ్ళకా?" అన్నది.

దీనికి చాలామంది మంచివాళ్ళు చెప్పే జవాబు ఒకటుంది. వాళ్ళని పట్టించుకోకపోతే జబ్బు వాళ్ళ నుంచి పెళ్ళైన మగవాళ్ళకీ, అక్కణ్ణుంచి ఇంట్లో ఆడవాళ్ళకీ వస్తుంది, కాబట్టి మనకోసమైనా వాళ్ళకి వైద్యం చెయ్యాలి అని. ఇంట్లోవాళ్ళ బలవంతమ్మీద పెళ్ళి చేసుకున్న గే కొడుకులు మన ఊళ్ళల్లో ఎంతమంది లేరు! ఆ మాట నిజమే. కానీ ఆ వాదన నాకు రుచించదు. అది ఆ మనుషుల్ని మన ఇంటి చుట్టూ కంచె కింద లెక్కగడుతుంది. కంచె బాగుంటే చేను బాగుంటుంది, సరే, కంచెకి ప్రాణం లేదా? ఒక హిజ్రాకి జబ్బు రాకుండా చూడాలంటే ఆమె మనిషి అయితే చాలు. వేరే కారణం వెతకడం ఎందుకు?

మన సంస్కృతిలో ఇవన్నీ లేవు అనేవాళ్ళు మూడోరకం. కొత్త షాపు తెరిస్తే దీవించమని హిజ్రాల చేతిలో డబ్బు పెట్టేది మన వాళ్ళే. లేనిది ఉన్నట్టు చేసింది పాత చట్టాలు. నిజాం కాలంలో, 1329 ఫసలీ అంటే 1919లో, హైదరాబాదులో నపుంసకుల చట్టం ఒకటి వచ్చింది. వాళ్ళ పేర్లు రిజిస్టరులో రాసుకోవాలి, ఆడవాళ్ళ బట్టలు కట్టుకుని వీధిలో కనబడినా, ఆడినా పాడినా వారంటు లేకుండా అరెస్టు చెయ్యొచ్చు. నిజాం పోయాడు, రాష్ట్రాలు రెండుసార్లు మారాయి, చట్టం మాత్రం పుస్తకాల్లో ఉండిపోయింది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. అంటే నూటనాలుగేళ్ళు. మనం సంస్కృతి అనుకుంటున్నదాంట్లో ఎంత భాగం పోలీసు రిజిస్టరు నుంచి వచ్చిందో ఆలోచించాలి. ఆ మిగతాది, అంటే మనుషులుగా వాళ్ళు ఎలా బతుకుతారో, తెలుసుకోవాలంటే పి. సత్యవతిగారు తెలుగు చేసిన రేవతి పుస్తకం "ఒక హిజ్రా ఆత్మకథ" చదవండి. ఆ అనువాదానికి సాహిత్య అకాడెమీ బహుమతి కూడా వచ్చింది. నివేదికలు వంద చదివినా తెలియనిది అందులో తెలుస్తుంది.

అయితే మా బావ మాటలో ఒక నిజం ఉంది, ఆయన ఉద్దేశించకపోయినా. హైదరాబాదులో ఒక మనిషి ఆరోగ్యం వాషింగ్టన్‌లో ఎవరు గెలిచారన్నదాని మీద ఎందుకు ఆధారపడాలి? ఇది సరైన ప్రశ్న. ఆవాహన్ చేసిన మంచిపనుల్లో ఒకటి, మొదలుపెట్టినప్పుడే ఎప్పటికైనా ప్రభుత్వానికి అప్పగించాలని అనుకోవడం, ఏళ్ళ తరబడి టైము తీసుకుని ఆ పని చెయ్యడం. సాయం ఆపడానికీ అప్పగించడానికీ తేడా ఉంది. మెట్లు దిగడానికీ మేడమీంచి తోసెయ్యడానికీ ఉన్నంత తేడా. మిత్ర్ క్లినిక్‌కి మెట్లు కట్టే వ్యవధి ఎవరూ ఇవ్వలేదు. హైదరాబాదు క్లినిక్‌ని కొన్ని నెలల తర్వాత టాటా ట్రస్టుల సాయంతో సబ్‌రంగ్ అన్న పేరుతో మళ్ళీ తెరిచారు. సంతోషం. కానీ అదీ ఒక దాత దయే. దాత మనసు మారితే మళ్ళీ మొదటికే.

ఇప్పుడు ఆ కొత్త ఇంజెక్షన్ దగ్గరికి వద్దాం. లెనకాపవిర్‌ని గే పురుషుల మీదా, ట్రాన్స్‌జెండర్ల మీదా పరీక్షించినప్పుడు మందు తీసుకున్న 2,179 మందిలో ఇద్దరికే హెచ్ఐవీ సోకింది. ఇలాంటి ఫలితం నా ఉద్యోగంలో ఎప్పుడోగాని కంటబడదు. ఆ ట్రయల్ జరిగిన దేశాల్లో బ్రెజిల్, అర్జెంటీనా, మెక్సికో, పెరూ ఉన్నాయి. చవక మందు వెళ్ళే 120 దేశాల జాబితాలో ఆ నాలుగూ లేవు. ఒంటిని పరీక్షకి ఇచ్చినవాళ్ళకి మందు అందని ఈ అన్యాయాన్ని ప్రశ్నించవలసిన వాళ్ళలో, దాన్ని తయారుచేస్తున్న ఊరివాళ్ళం మనమూ ఉన్నాం.

భారతదేశం ఆ జాబితాలో ఉంది, మనకి మందు వస్తుంది. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. ప్రెప్ నోటిమాత్రలు మన కంపెనీలు ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నాయి. నాకో 2022లో దానికి మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. అయినా ఒక కుర్రాడు నర్సారావుపేటలోనో సూర్యాపేటలోనో మందుల షాపు ముందు నిలబడి ఆ చీటీ చూపించగలడా? షాపువాడు వాళ్ళ నాన్నకి తెలిసినవాడే అయితే? ఇంజెక్షన్‌దీ రేపు అదే కథ. 2021లో ఐక్యరాజ్యసమితి సభ్యదేశాల్లో అత్యధికం కలిసి ఒక లక్ష్యం పెట్టుకున్నాయి. ఇలాంటి జనాల మధ్య చేసే నివారణ పనిలో నూటికి ఎనభై వంతులు వాళ్ళ సొంత సంఘాల చేతుల మీదుగానే జరగాలని. చాలా దేశాలు ఒప్పుకున్న మాటే ఇది. ఆచరణలో ఇంకా చాలా దూరంలో ఉంది.

కాబట్టి నేను కోరేది పెద్ద విప్లవం కాదు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఇలాంటి క్లినిక్‌లకి బడ్జెట్‌లో సొంత పద్దు పెట్టాలి. హైదరాబాదులో ఒకటి సరిపోదు, విజయవాడ, విశాఖ, తిరుపతి, వరంగల్‌లలో కూడా కావాలి. వాటిలో పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది ఆ సమాజం వాళ్ళే ఉండాలి. మందు చేసే కంపెనీలు తాము పుట్టిన ఊళ్ళో, తాము చట్టప్రకారం ఖర్చుపెట్టవలసిన సామాజిక నిధిలోంచి కొంత దీనికివ్వాలి. మన సినిమాలవాళ్ళు వాళ్ళని నవ్వులాటకి వాడుకోవడం మానితే అది కూడా నివారణ కిందే లెక్క. ఆ హాల్లో కూర్చున్న పదహారేళ్ళ పిల్లవాడు ఎప్పటికీ నోరు విప్పకూడదని అక్కడే నేర్చుకుంటాడు.

ఇక మనం, ఇక్కడున్నవాళ్ళం. మన సంఘాలు రెండేళ్ళకోసారి మహాసభలు పెడతాయి, ఊళ్ళో ఆరోగ్యశిబిరాలకి లక్షలు పంపుతాయి. కంటికీ గుండెకీ పంపినట్టే దీనికీ పంపొచ్చు. విదేశీ విరాళాలు తీసుకోవడానికి ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉన్న సంస్థలకే పంపాలి, అది ముందు కనుక్కోండి. కానీ ఒక్కసారి పంపి ఫొటో దిగడం కాకుండా, మూడేళ్ళో ఐదేళ్ళో మాటిచ్చి పంపాలి. మధ్యలో ఆగిపోయే సాయం ఎలా ఉంటుందో ఇప్పుడే చూశాం కదా.

మా బావకి ఈ వ్యాసం లింకు పంపుతాను. ఈ ఏడాది మా జిల్లా శిబిరానికి విరాళాల చిట్టా రాసేది ఆయనే. అందులో ఒక గీత దీనికి చేర్చమని అడుగుతాను. మీ ఊళ్ళో, మీ సంఘంలో ఆ చిట్టా రాసేవాళ్ళెవరో మీకు తెలిసే ఉంటుంది. వాళ్ళనీ అడగండి.